నల్లమలలో వీకెండ్: మనం వచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతా.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మేం ఐదుగురం మూడు బైక్‌ల మీద అహోబిలం వెళ్లాం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి నడిచే దారి ఉంది కదా, భవనాశిని వాగు వెంబడి, రాళ్లు ఎక్కుతూ దిగుతూ. సగం దారిలో ఒక పెద్ద బండ మీద కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం, చిప్స్ తిన్నాం, కూల్‌డ్రింక్ తాగాం. తర్వాత ఖాళీ బాటిల్, కవర్లు అన్నీ చుట్ట చుట్టి ఆ బండ సందులో దోపి వచ్చేశాం. దారిలో పడేయలేదు కదా, సందులో పెట్టాం కదా అని లోపల చిన్న తృప్తి కూడా!

మొన్న మళ్లీ అదే దారిలో వెళ్లా. అదే బండ. మా బాటిల్ లేదు. కానీ ఆ సందు నిండా వేరేవాళ్ల బాటిళ్లు, కవర్లు. మాలాంటి తెలివైనోళ్లు చాలామందే ఉన్నారన్నమాట. మరి మా బాటిల్ ఏమైంది? ఏదో ఒక వానకి వాగు లాక్కుపోయి ఉంటుంది. నల్లమలలో ఇటు వైపు వాగులు కిందికి దిగి కుందూ వైపు పోతాయి, కుందూ పోయి పెన్నలో కలుస్తుంది. అంటే నేను అడవిలో వదిలిన బాటిల్ ఏ రైతు కాలువలోనో తేలి ఉంటుంది.

అందరికీ నమస్తే, వెల్‌కమ్ బ్యాక్. ఈ రోజు టాపిక్, అడవి పక్కన హాలిడే. జంగిల్ క్యాంపులు, ఫామ్ స్టేలు, రిసార్ట్‌లు. ఎక్కడికి వెళ్లాలి, రూమ్ ఎంత, ఫుడ్ ఎలా ఉంది లాంటి వీడియోలు యూట్యూబ్‌లో బోలెడన్ని ఉన్నాయి. నేను మాట్లాడేది ఇంకోటి. మనం ఆదివారం సాయంత్రం చెక్ అవుట్ చేసి వచ్చేశాక అక్కడ ఏం జరుగుతుంది?

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో కూడా చెప్తా. మా ఫ్రెండ్ ఒకడు, ఆళ్లగడ్డ వాడు. అహోబిలం వెళ్లే రోడ్డు వైపు వాళ్ల నాన్నకు రెండెకరాలు ఉంది. మొన్న ఫోన్ చేశాడు. "మామా, ఐటీ జాబ్ వద్దు ఏమీ వద్దురా. ఆ రెండెకరాల్లో నాలుగు కాటేజీలు, ఒక స్విమ్మింగ్ పూల్, శనివారం రాత్రి డీజే, క్యాంప్‌ఫైర్. హైదరాబాద్, బెంగళూరు నుంచి జనం దిగుతారు. నువ్వొక వీడియో చెయ్, చాలు" అన్నాడు.

నేను వెంటనే సరే అన్నా. తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా.

ముందు మన ఏరియా గురించి రెండు ముక్కలు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కొత్తగా వచ్చింది. ఈ జిల్లాకు తూర్పు గోడ నల్లమల. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ పేరు వినే ఉంటారు. దాన్ని ఆనుకుని దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, అదొక్కటే సుమారు 1,194 చదరపు కిలోమీటర్లు. ఇది ఊరికే చెట్లున్న కొండ కాదు. ఇక్కడ పులి ఉంది, చిరుత ఉంది, ఎలుగుబంటి ఉంది, రేచుకుక్కలు ఉన్నాయి. 2018 లెక్కలో మన ఆంధ్రప్రదేశ్‌లో పులులు 48. 2022 లెక్కలో 63. ఎక్కువ భాగం ఈ నల్లమలలోనే.

ఎంత దగ్గరగా ఉన్నాయో తెలియాలంటే 2023 మార్చి గుర్తు తెచ్చుకోండి. మన జిల్లాలోనే పెద్దగుమ్మడాపురం అనే ఊళ్లో నాలుగు పులి పిల్లలు దొరికాయి. ఊరి పక్కనే! తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ శాఖ వాళ్లు రాత్రుళ్లు కాపు కాశారు. తల్లి రాలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకి తీసుకెళ్లారు. ఫోన్లలో ఆ పిల్లల ఫొటోలు చూసి మనం "సో క్యూట్" అని స్టేటస్ పెట్టుకున్నాం. కానీ ఒకసారి ఆలోచించండి, అవి తల్లి దగ్గరికి కాదు, జూకి పోయాయి.

ఇలాంటి చోట హాలిడే ఎలా చేయాలి? చేయనే కూడదా? అలా అని నేను అనను. మన దగ్గరే మంచి మోడల్ ఉంది. ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారిలో బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్ రోడ్డులో పచ్చర్ల. రెండు చోట్లా జంగిల్ క్యాంపులు పెట్టారు. అటవీ శాఖ, అక్కడి చెంచు కుటుంబాల వాళ్లు కలిసి నడిపేవి. ఇలాంటి పద్ధతినే కమ్యూనిటీ ఎకో టూరిజం అంటారు. మారేడుమిల్లి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, అక్కడా గిరిజనులే నడిపిస్తారు.

నేను ఒకసారి ఒక జంగిల్ క్యాంపులో ఉన్నప్పుడు జరిగింది చెప్తా. రాత్రి ఎనిమిది దాటింది. మా బ్యాచ్‌లో ఒకడు బ్లూటూత్ స్పీకర్ తీశాడు. పాట ఇంకా సగం కూడా కాలేదు, అక్కడ పనిచేసే చెంచు అన్న వచ్చాడు. కోప్పడలేదు. "సారూ, అది ఒక్క పది నిమిషాలు ఆపండి, మీకొకటి వినిపిస్తా" అన్నాడు. ఆపాం. మొదట ఏమీ వినపడలేదు. నాకు చిరాకు కూడా వచ్చింది. తర్వాత ఎక్కడో దూరంగా, బండి హారన్ లాగా "ఢాంక్" అని ఒక అరుపు. మళ్లీ ఇంకోటి. "అది కణుజు. ఏదో చూసింది. చిరుతో, పులో, తెలీదు. మిగతా వాటికి చెప్తా ఉంది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. రాత్రిపూట అడవిలో జంతువులు ప్రాణాలు కాపాడుకునేది చెవులతోనే. మనం స్పీకర్ పెడితే ఆ నెట్‌వర్క్ జామ్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, వాళ్ల అలర్ట్ సిస్టమ్‌ని మనం మ్యూట్ చేస్తున్నాం. అందుకే దోర్నాల–శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. "ఏందిరా ఈ గేటు" అని నేనూ తిట్టుకున్నవాడినే. ఆ టైమ్ వాటిది, మనది కాదు.

ఇప్పుడు చెత్త సంగతి. కొంచెం లెక్క వేద్దాం. మా ఫ్రెండ్ రిసార్ట్‌కి ఒక వీకెండ్‌లో 40 మంది వస్తారనుకుందాం. తలకు మూడు వాటర్ బాటిళ్లు. 120. సంవత్సరానికి 52 వారాలు. 6,240 బాటిళ్లు. ఒక్క చిన్న రిసార్ట్! అది కూడా ఒక్క వాటర్ బాటిల్ మాత్రమే. చిప్స్ కవర్, షాంపూ సాచెట్, బిర్యానీ డబ్బా లెక్కలో లేవు.

చాలామంది "ప్లాస్టిక్ బ్యాన్ చేశారు కదా బ్రో" అంటారు. 2022 జూలై 1 నుంచి దేశమంతా బ్యాన్ చేసింది కొన్ని ఐటమ్స్‌నే. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, థర్మోకోల్ డెకరేషన్ ఇలాంటివి. వాటర్ బాటిల్ ఆ లిస్టులో లేదు. చిప్స్ ప్యాకెట్ కూడా లేదు. అడవిలో మనకు ఎక్కువ కనిపించేవి ఆ రెండే!

దీనికి మంచి ఐడియా పక్క రాష్ట్రంలో ఉంది. తమిళనాడు నీలగిరి జిల్లాలో, అంటే ఊటీ ఉన్న జిల్లాలో, 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ 10 వెనక్కి ఇస్తారు. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాస్ హైకోర్టు గట్టిగా పట్టుకుంటే వచ్చిన పద్ధతి అది. మన చిన్నప్పుడు సోడా కొట్టులో ఇదే కదా జరిగేది? సీసా ఇస్తేనే డిపాజిట్ వెనక్కి. అదేం కొత్త టెక్నాలజీ కాదు.

చెత్తలో ప్లాస్టిక్ కంటే డేంజర్ ఇంకోటి ఉంది. మిగిలిన అన్నం. "అన్నమే కదా, జంతువులు తింటాయి, పుణ్యం" అనుకుంటాం. ఇక్కడే అసలు మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి.

రిసార్ట్ వెనక బిర్యానీ పారేస్తే ముందు వచ్చేది కోతులు, ఊరకుక్కలు, పందులు. వాటికి అక్కడ రోజూ తిండి దొరుకుతుందని అర్థమైతే అక్కడే ఉంటాయి, అక్కడే పెరుగుతాయి. కుక్క అంటే చిరుతకు ఈజీ వేట. జింక లాగా పరిగెత్తదు, అడవిపంది లాగా తిరగబడదు. అంటే మనం చిరుతకు మన గుమ్మం దగ్గర భోజనం పెడుతున్నట్టే లెక్క. ఆ చిరుతకు తెల్లారి ఎదురయ్యేది మనం కాదు. మనం అప్పటికే హైవే ఎక్కేసి ఉంటాం. ఎదురయ్యేది కట్టెలకు వెళ్లిన ఆ ఊరి ఆడమనిషి, గొర్రెలు తోలుకెళ్లే పిల్లోడు.

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడక దారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను చంపేసింది. ఆ తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పంపారు, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దన్నారు. 2024 జూన్‌లో మన పచ్చర్ల దగ్గరే చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయారు. ఆ ఘటనకూ టూరిస్టుల చెత్తకూ నేను ముడి పెట్టడం లేదు. చెప్పేది ఒకటే. ఆ ఊళ్లల్లో జనం రోజూ ఆ భయంతో బతుకుతున్నారు. అది ఇంకొంచెం పెంచే పని మనం సరదాకి చేయకూడదు. ఘాట్ రోడ్డులో కారు ఆపి కోతికి బిస్కెట్ ఇచ్చి రీల్ చేయడం కూడా ఇందులోదే.

తర్వాత నిప్పు. మా ఫ్రెండ్ ప్లాన్‌లో క్యాంప్‌ఫైర్ ఉంది కదా. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి వచ్చిందంటే ఆకు రాలుతుంది. మే దాకా నేల మీద ఎండుటాకు పరుపులాగా ఉంటుంది. ఎండిన బోద, ఎండిన వెదురు. గాలికి లేచిన ఒక్క నిప్పురవ్వ చాలు. ఒక సిగరెట్ పీక చాలు.

నిప్పు పడితే ఎవరు ఆర్పుతారు? కొండ మీదికి ఫైరింజన్ రాదు. ఫైర్ వాచర్లు నడిచి వెళ్లి పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాలి, ఉంటే లీఫ్ బ్లోయర్‌తో ఆకులు ఊది మంటకు అడ్డంగా దారి చేయాలి. ఆ ఎండలో, ఆ వేడిలో.

ఇక్కడ నాలోని ఇంజినీర్‌కి నచ్చిన విషయం ఒకటి ఉంది. ఉపగ్రహాల్లో వీర్స్ అనే సెన్సర్ ఉంటుంది. భూమి మీద వేడిని 375 మీటర్ల గడుల్లో చూస్తుంది. ఒక గడిలో మంట కనిపిస్తే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఆ ఏరియా అటవీ సిబ్బందికి ఎస్ఎంఎస్ పంపుతారు. మామూలు జనం కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. నేను చేసుకున్నా. క్రికెట్ స్కోర్ అలర్ట్ ఆన్ చేసుకునే మనం మన అడవి అలర్ట్ ఆన్ చేసుకోలేమా? మా ఫ్రెండ్‌కి కూడా అదే చెప్పా. రిసార్ట్ పెట్టాలంటే ముందు ఆ అలర్ట్ పెట్టుకో, ఒక ఎండాకాలం ఆ మెసేజ్‌లు చూడు, అప్పుడు క్యాంప్‌ఫైర్ గురించి మాట్లాడదాం అని.

నీళ్ల లెక్క చిన్నదే, త్వరగా చెప్పేస్తా. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు పూల్ అంటే 60 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఎండాకాలంలో అడవిలో జంతువుల కోసం సాసర్ పిట్లు అని చిన్న చిన్న తొట్లు కట్టి ట్యాంకర్‌తో నీళ్లు పోస్తుంటారు. అదే నెలలో, అదే కొండ కింద, మనం అంత నీళ్లు బోరుతో లాగి అందులో ఈత కొడతామా? లైట్ల సంగతీ అంతే. తెల్లటి ఫ్లడ్‌లైట్లు అడవి వైపు కొట్టకండి. పసుపు లైటు, నేల వైపు తిప్పి, కావాల్సిన చోట మాత్రమే. ఇంకోటి, పర్మిషన్లు. టైగర్ రిజర్వ్, అభయారణ్యం చుట్టుపక్కల కట్టడాలకు వేరే రూల్స్ ఉంటాయి. 2012లో సుప్రీంకోర్టు పులుల కోర్ ఏరియాల్లో టూరిజాన్ని కొన్ని నెలలు ఆపేసింది, గైడ్‌లైన్స్ వచ్చాకే మళ్లీ ఒప్పుకుంది. పట్టా నాన్న పేరు మీద ఉంది కదా అని పునాది తీయకండి. ముందు అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి అడగండి.

ఇప్పుడు మనుషుల సంగతి. నాకు ఇదే ముఖ్యం.

అహోబిలం కథ మనందరికీ తెలుసు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లి చేసుకున్నాడు. అందుకే స్వామి చెంచులకు అల్లుడు. ఇప్పటికీ సంక్రాంతి టైమ్‌లో పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకిలో నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు. తన కల్యాణానికి రమ్మని తానే వచ్చి పిలుస్తాడని మన ఊళ్లల్లో నమ్ముతారు. మా అవ్వ వాళ్ల ఊరికీ పల్లకి వచ్చేది. ఆ రోజు ఊరంతా అలికి ముగ్గులు పెట్టేవాళ్లు.

ఇప్పుడు చెప్పండి. దేవుడంతటోడే ఆ అడవికి అల్లుడిగా వచ్చాడు. మనం ఆ పెళ్లికి వచ్చిన చుట్టాలం. పెళ్లివారింటికి పోయి, తిన్న విస్తరాకు వాళ్ల నట్టింట్లో పారేసి వస్తామా?

పైగా ఆ ఇంటివాళ్లకు మన వల్ల వచ్చేది ఎంత? ఒక రిసార్ట్ ఓనర్ బెంగళూరులో ఉండి, మేనేజర్ హైదరాబాద్ నుంచి వచ్చి, వంట మనిషి ఇంకెక్కడి నుంచో వస్తే, చెంచు కుటుంబానికి మిగిలేది ఊడ్చే పని. అదే వాళ్లే గైడ్ అయితే, వాళ్లే సఫారీలో దారి చూపిస్తే, వాళ్లే వంట చేస్తే, పులి బతికి ఉండటం వాళ్ల ఇంటికి ఆదాయం. టైగర్ రిజర్వ్ బేస్ క్యాంపుల్లో కాపలా ఉండేవాళ్లలో కూడా చెంచులు ఉన్నారు. ఒక అడుగు జాడ చూసి ఏ జంతువు, ఎప్పుడు వెళ్లింది అని చెప్పే నాలెడ్జ్ అది. నేను నాలుగేళ్లు బీటెక్ చదివా, నాకు ఆ బురదలో ఉన్నది కుక్క అడుగో చిరుత అడుగో తెలీదు.

సరే, ఇవన్నీ మా ఫ్రెండ్‌కి చెప్పా. వాడు ఊరుకుంటాడా! "ఒరేయ్, డీజే లేదు, పూల్ లేదు, క్యాంప్‌ఫైర్ లేదు. మరి జనం ఎందుకొస్తార్రా? నా లోను ఎవరు కడతారు?" అన్నాడు.

వాడి ప్రశ్న కరెక్టే. పర్యావరణం మీద వీడియో చేయడం ఈజీ, లోను కట్టడం ఈజీ కాదు. అందుకే నేను నీతులు చెప్పలేదు. వాడి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేయమన్నా. పూల్ కట్టడానికి ఎంత, బోరుకు ఎంత, ఫిల్టర్‌కి నెలకు ఎంత, డీజే సౌండ్‌కి ఎంత. అవన్నీ తీసేస్తే మొదటి ఖర్చు చాలా తగ్గింది. దాంతో లోను కూడా తగ్గింది. నాలుగు కాటేజీలు రెండయ్యాయి. డీజేకి హైదరాబాద్‌లో వంద చోట్లున్నాయి, దానికోసం ఎవరూ ఆళ్లగడ్డ దాకా రారు. జొన్నరొట్టె, గోంగూర, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే చోటు చూపించడం, తెల్లారుజామున నవనారసింహ క్షేత్రాల నడక, రాత్రి నిశ్శబ్దం. ఇవి మాత్రం వాళ్లకు వాళ్ల ఊళ్లో దొరకవు.

వాడు పూల్ తీసేశాడు. డీజే తీసేశాడు. బాటిల్ బదులు స్టీల్ చెంబులు, ఒక ఫిల్టర్ పెడతానన్నాడు. తడి చెత్తకు మూత ఉన్న కంపోస్ట్ గుంత. క్యాంప్‌ఫైర్ దగ్గర మాత్రం ఇంకా కొట్లాడుకుంటున్నాం. చలికాలంలో రెండు నెలలు, ఇటుకల గుంతలో, చుట్టూ ఊడ్చి, పక్కన నీళ్లు పెట్టుకుని చేస్తానంటాడు. నేను వద్దంటున్నా. ఎవరు గెలుస్తారో తర్వాత ఎపిసోడ్‌లో చెప్తా.

ఇక మీ వైపు నుంచి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. చెత్త ఎక్కడికి పోతుంది? పనిచేసేవాళ్లు ఏ ఊరివాళ్లు? రాత్రి సౌండ్ ఎన్నింటికి ఆపేస్తారు? చెప్పలేకపోతే వేరే చోటు చూసుకోండి. పది మంది కస్టమర్లు ఇదే అడిగితే పదకొండో రోజుకు ఓనరే మారతాడు. వెళ్లేటప్పుడు ఇంటి నుంచి నీళ్ల బాటిల్, ఒక ఖాళీ సంచి తీసుకెళ్లండి. తీసుకెళ్లింది మొత్తం వెనక్కి తెచ్చి మీ ఊరి చెత్తబండిలోనే వేయండి. జంతువులకు తిండి పెట్టకండి. పులి కనపడలేదని గైడ్ మీద అరవకండి, అది జూ కాదు. జంతువు ఎక్కడ కనిపించిందో లైవ్ లొకేషన్ పెట్టకండి.

చివరగా ఒకటి. మన జిల్లాలోనే రోళ్లపాడు ఉంది. 1988లో అక్కడ అభయారణ్యం పెట్టింది బట్టమేక పిట్ట కోసం. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పిట్ట. పేరు ఇంకా బోర్డు మీద ఉంది. కాలువ నీళ్లు వచ్చాయి, పంటలు మారాయి, గడ్డి నేలలు తగ్గాయి. కొన్నేళ్లుగా పిట్ట కనపడటం లేదు. ఎవరూ కావాలని పోగొట్టలేదు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోయారు, అది పోయింది. నాకు నిద్ర పట్టని రాత్రి గుర్తొచ్చింది ఆ బోర్డే.

మొన్న ఆ బండ సందులో ఉన్న చెత్త నేను తీశా. రెండు సంచులు నిండాయి. వీడియో తీయలేదు, ఎందుకంటే అందులో గొప్పేం లేదు, పాత బాకీ అది. మీకూ ఇలాంటి బాకీ ఏదైనా ఉంటే, ఎక్కడో కామెంట్‌లో చెప్పండి. మీ ఊరి దగ్గర మంచిగా నడుపుతున్న క్యాంప్ ఉంటే అదీ చెప్పండి, వెళ్లి చూసి వద్దాం. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.